తాళంచెవి

పట్టా మీద సుత్తె కొడితే
టంగుమంటది.
మంచి పట్టా ఒక తీరు పలుకుతది,
పగులువట్టింది ఇంకో తీరు.
కాజీపేట నుంచి హసన్‌పర్తి రోడ్డు దిక్కు
పద్దెనిమిదేండ్ల సంది నడుస్తున్న.
కీమెన్ ఓదెలంటే
చెవులతోని బతికేటోడని పేరు.

ఇంట్ల పగులు మాత్రం
నాకంటే ముందు స్వరూపకు ఇనవడ్డది.

"రవళీ" అంటే తిరిగి చూసుడు బందైంది.
కుక్కర్ కూతకు ఉలిక్కిపడుతది,
గూడ్సు పోతుంటే కిటికీకి ఉరుకుతది,
"అన్నం తిందువు రా" అంటే
గోడ మీది బల్లిని చూసినట్టు
నా నోటిని చూస్తది.
ఐదేండ్లప్పుడు రెండో ఎక్కం ఒప్పజెప్పిన పోరి
ఆరేండ్లకు "నీళ్లు" అన్న మాట యాడనో పారేసుకున్నది.
బళ్లె సారు చెవిటిదన్నడు.
మా వదినె మొండిదన్నది.

ఎంజీఎంల చెవులకు డబ్బాలు తొడిగి చూసిండ్రు.
సూది పడ్డా ఇంటది, చెవులు పక్కాగున్నయ్ అన్నరు.

మరి?

అప్పుడు చెప్పిన ఒక రాత్రి సంగతి.
నిద్రల మూతి ఒంకరవోయి
కుడిచెయ్యి కొట్టుకుంటుంటే
మా అవ్వ పెట్టె తాళంచెవి తెచ్చి
దాని పిడికిట్ల బిగవట్టింది.
తెల్లారి ఏం గానట్టు లేచింది బిడ్డ.
మేమూ ఏం గానట్టే మరిచిపోయినం.

"ఇనుము వెట్టొద్దు. పక్కకు ఒరిగించి పండవెట్టాలె" అన్నది డాక్టరమ్మ.
"నెత్తికి వైర్లు వెట్టి చూద్దాం.
ముందు రాత్రి నిద్ర పోనియ్యకుండ తోల్కరాండ్రి."

గా రాత్రి
బిడ్డను బుజం మీదేసుకోని ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొస.
మైకుల ఆమె మూడు భాషలల్ల బండ్ల పేర్లు చెప్తున్నది.
నాకు తెలుగు తెల్సు, హిందీ సగం,
ఇంగ్లీషు ఒట్టి సప్పుడు.
చాయ్ బండి కాడ కాళ్లు ఆగినయ్.
బిడ్డకు మూడూ ఇంగ్లీషే గావచ్చు.
దయచేసి వినండి, దయచేసి వినండి అంటున్నది మైకు.
ఇంటనే ఉన్నది తల్లీ,
ఇంకెంత ఇనాలె?

తెల్లారి పండుకోంగనే
తెర మీద గీతలు లేచినయ్.
నిద్ర వట్టంగనే మెదడుల మాట తెలిసే జాగల
కరెంటు గిట్ల కొట్టుకుంటదట, రాత్రంత.
పైకి చెయ్యి గూడ కదలది.
శబ్దం పోతదట, మాట తెలువదట.
నాకు నా తీరుగ అర్థమైంది:
బండి వస్తది, స్టేషన్ల ఆగది,
దిగేటోళ్లు దిగరు.

ఎన్ని రాత్రులో
ఎంత మంచిగ పండుకున్నదని దుప్పటి కప్పినం.
"బాపు" అన్న మాట
ఏ రాత్రి పోయిందో లెక్క లేదు.

గోలీలు మొదలువెట్టినం.
మొకం ఉబ్బింది, ఆకలి పెరిగింది.
మాటలు మల్ల వస్తయా అని అడిగితే
"కొందరికి" అన్నది డాక్టరమ్మ.
ఆమె అబద్ధం చెప్పనందుకు
బయటికొచ్చి మెట్ల మీద చానసేపు కూసున్న.

అందాక నా డ్యూటీ జెండాలు ఇంట్ల పనికొస్తున్నయ్.
పచ్చది అన్నం.
ఎర్రది పొయ్యి కాడికి రావద్దు.
రెండు కలిపి ముడేస్తే స్నానం వద్దని.
గది దాని సొంత రూలు. ఒప్పుకున్నం.

మొన్న ఐతారం
బండ్లు నడవని పాత సైడింగ్ కాడికి తీస్కపోయిన.
సుత్తె ఇస్తే రెండు చేతులతోని ఎత్తి కొట్టింది. టంగు.
చెవి ఒగ్గింది. ఇంకోపారి.
అటెనుక సుత్తె కింద వెట్టి
నా మీదికెక్కి
చూపుడువేలుతోని నా గొంతు మీద కొట్టింది.
"రవళీ" అన్న.
తల ఒంచి ఇన్నది.
జరంత కిందికి జరిగి, ఎదురుబొక్క మీద కొట్టింది.
"రవళీ" అన్న.
పగులు యాడున్నదో దేవులాడే కీమెన్ లెక్క
మొకంల నవ్వు లేదు, తొందర లేదు.
మెయిన్ లైన్ మీద గూడ్సు వచ్చింది.
యాభై ఎనిమిది డబ్బాలు పోయేదాక ఇద్దరం ఆగినం.

మల్ల కొట్టింది.