ఆడిట్ అభ్యంతరం నెంబర్ పదిహేడు

అయ్యా,
పై విషయమై మనవి చేయునది ఏమనగా
మీరు అడిగింది సబబే.
నాలుగు వందల పన్నెండు గోనె బస్తాలు
ఏ టెండరు మీద వచ్చినయి, ఏ పద్దులో రాసినం,
రసీదు ఏది?

రసీదు లేదు.
ఆ రాత్రి తడవని కాగితం ఊళ్లో ఒక్కటి ఉన్నా
దాని మీద పసిపిల్లను పడుకోబెట్టేవాళ్లు.

మా దగ్గర ఇసుక ఉండె.
రెండేండ్ల కింద రోడ్డు పనికి పోయించి, బిల్లు ఆగి
కుక్కలు ఈనిన ఇసుక.
బస్తాలు లేవు.
ఇండెంటు పెట్టిన. ఫైలు చూడండి,
మూడో సంతకం దగ్గర ఇంకా నిలబడే ఉంది.

ఎనుమాముల హమాలీ సంఘం దగ్గర బస్తాలున్నయి,
ఇసుక లేదు.
పాతమిల్లు వెనక నాలా మాత్రం
ఎవరినీ ఏమీ అడగకుండా
గంటకో మెట్టు ఎక్కుతున్నది.

సంఘం మేస్త్రి యాకసాయిలు నెంబరు నా దగ్గర ఉంది.
మార్చిలో వాళ్లు మా ఆఫీసు గేటుకు అడ్డం పండుకున్నప్పుడు
పోలీసులకు ఇయ్యడానికి రాసుకున్న నెంబరు.
ఆ నెంబరుకే ఫోన్ చెయ్యాలంటే
వేలు కదల్లేదు నాకు.
పొదుపు సంఘం కొంరమ్మ ఫోన్ గుంజుకున్నది:
"ఓ సాయిలన్నా, పంచాతి పొద్దుగాల పెట్టుకుందాం,
ముందుగాల బస్తాలు తే."

తెచ్చిండు. మూడు ట్రాలీలు.
ఎండాకాలమంతా మిర్చి మోసిన బస్తాలు,
వాన తాకంగనే ఘాటు లేచింది.
తుమ్మితే కాసేపు ఆగి అడుగెయ్యాలంటది మా అమ్మ.
ఆ లెక్కన ఆ రాత్రి
ఒక్కరం కూడా కదలొద్దు.
జవాన్ రాజమొగిలి తుమ్ముతూ మూతి కట్టిండు,
యూత్ క్లబ్ జహంగీర్ తుమ్ముతూ మోసిండు,
మా ఏఈ సారు తుమ్మి తుమ్మి కళ్లద్దాలు నాలాలో వేసుకున్నడు.
మగ్గం గుంతలోకి నీళ్లొచ్చిన సత్తెమ్మ
గట్టు మీద నిలబడి కండ్లు తుడుచుకుంటుంటే
ఘాటుకే అనుకున్నం.
చానాసేపు అట్లనే అనుకున్నం.

పార మాత్రం ప్రభుత్వానిది. నెంబరు తొమ్మిది.
ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో
మళ్లా కనపడలేదు. అది కూడా రాసుకోండి.
రాత్రి మూడింటికి డెబ్బై మందిమి
పచ్చిపులుసుతో అన్నం తిన్నం.
ఆ ఖర్చు మీరు అడగలేదు.

కట్ట మొత్తం నిలిచిందని చెప్పను.
మూడిండ్లు పోయినయి.
నలభై నిలిచినయని మాత్రమే రాయమన్నరు,
రెండూ రాసిన.

పొద్దున తొమ్మిదింటికి
మాట ప్రకారం పంచాతికి వచ్చిన్రు.
బురద కాళ్లతోనే గేటు ముందు కూసున్నరు.
నాలాకు గోడ ఏది,
మేం ఇచ్చిన మూడు దరఖాస్తులు ఏవి అని.
రెండు దొరికినయి. ఒకటి
నా బల్ల కాలు కింద, ఎత్తు సరిచేయడానికి నాలుగు మడతలు పెట్టి.
నేనే పెట్టిన.

నాలుగో దరఖాస్తు అక్కడే రాసిన్రు.
గోడ పొడుగు, లోతు, సిమెంటు లెక్క వాళ్లకు తెలవదు.
ఆ అంకెలు నా చేతిరాతవి.
అర్జీ తీసుకునేవాడే అర్జీలో రాయడం
నిబంధనలకు విరుద్ధమైతే
అభ్యంతరం నెంబర్ పద్దెనిమిది వేసుకోండి, జవాబిస్త.

ఇక బస్తాల ఖరీదు.
సంఘం వాళ్లు అడగలేదు,
అడిగితే ఇయ్యడానికి మా దగ్గర పద్దు లేదు.
రసీదుకు బదులు
ఒక బస్తా ముక్క కత్తిరించి, మడిచి, కవరులో పెట్టి
దీనికి జతపరుస్తున్న.

విప్పేటప్పుడు
ముక్కుకు దూరంగా పట్టుకోండి.