వత్తుకు వేరే పైసలు

మల్లేపల్లి చౌరస్తా దాటినంక, డిండి రోడ్డు మీద
రేకుల షెడ్డు నాది.
సమాధి రాళ్లు, బోరు వేయించిన దాతల పేర్లు,
లీడర్లు కొబ్బరికాయ కొట్టే శిలాఫలకాలు.
అక్షరానికి పదిహేను రూపాయలు.
వత్తుకు వేరే పైసలు.

శ్రావణంల ఒక ముసురు పూట
ఐదుగురు వచ్చిండ్రు, కొత్త చర్చి రాయికి.
నల్ల గ్రానైటు, మూడడుగుల వెడల్పు.
పైన సిలువ, కింద సంఘం పేరు, తారీఖు.
అక్కడిదాక లొల్లి లేదు.
దాని కింద ఒక్క మాట: వ్యవస్థాపకులు.
మాట పక్కన రెండు చుక్కలు.
చుక్కల పక్కన ఎవరు?

తన నాయిన పేరు రాయమన్నడు పాస్టరు,
గుడిసెల ప్రార్థన మొదలువెట్టింది ఆయనే అని.
"ప్రభువును మించినోడా మీ నాయిన?"
అని లేచిండు సంఘపెద్ద యెహెజ్కేలు.
లెక్కల సారు తిమోతి
గొడుగు మడుసుకుంట మెల్లగ అన్నడు:
"ప్రభువు ఏ మతమూ పెట్టలే.
పుట్టిన ఎనిమిదో దినం ఆ ఇంటి ఆచారమే జరిగింది.
తన వాళ్ల గుడికే పోయిండు, తన వాళ్ల పండుగే చేసిండు.
సచ్చేదాక కులం సర్టిఫికెట్ మార్చుకోలే."

అందరు నవ్విండ్రు.
నవ్వుతనే ఆగిపోయిండ్రు.
ఎవరి సర్టిఫికెట్ వాళ్లకు యాదికొచ్చినట్టుంది:
ఎమ్మార్వో ఆఫీసుల ఒక మతం,
ఆదివారం ఒక మతం.

నేను వడ్డెరోన్ని. ఈ సంగతులు నాకు తెల్వవు.
రాయి సంగతి తెలుసు.
ఆయన గురించి విన్నయి రెండే.
చేపలు పట్టే దోస్తుకు బండ అని పేరు పెట్టిండంట,
ఆ బండ మీదనే కడుత అన్నడంట.
ఇంకోటి, మంది రాళ్లు వట్టుకొని
ఒక ఆడమనిషి మీదికొస్తే
వంగి, వేలితోని మన్నుల ఏదో రాసిండంట.
బతుకంతల రాసింది అదొక్కటే.
ఏం రాసిండో ఎవరూ దాచిపెట్టలే.

కట్టాలనుకున్నోడు మన్నుల రాస్తడా?
కట్టొద్దనుకున్నోడు బండను ఎతుకుతడా?
మా తాత సాగర్ కట్టకు రాళ్లు మోసిండు.
ఆ కట్ట మీద ఏ రాయిలా ఆయన పేరు లేదు.
డ్యాం కట్టాలని పోయిండా అంటే,
కూలికి పోయిండు.
నీళ్లయితే పారినయి,
మా చెల్కకు కాదు గని.

రాతి ముక్కల కుప్ప మీద కూసున్న ముసలామె
అప్పటిదాక నోరు తెరవలే.
రేషన్ కార్డుల బక్కమ్మ, గుళ్లె సలోమి.
"ఆయన పెట్టాలనుకున్నడో లేదో
నాకేం ఎరుక, సారూ.
మా అవ్వ ఊరి బాయి కాడ కుండ వట్టుకొని
ఎవరన్న పోస్తరేమోనని పొద్దంత నిలవడేది.
దొర వాకిలి ముందర చెప్పులు సంకల పెట్టుకొని నడిచేది.
ఒకనాడు ఎవరో వచ్చి
ఆయన ముట్టరాని రోగమోన్ని ముట్టిండని చెప్పిండ్రు.
ఎవరు పిలిచినా పోయి, పక్కన కూసొని తిన్నడని చెప్పిండ్రు.
అంతే.
ఆయనకు కొత్తది అక్కర లేకపోవచ్చు.
మాకు అక్కర పడ్డది.
రాస్తే మా అవ్వ పేరు రాయుండ్రి."

పెన్సిలు తీసిన. "ఏం పేరమ్మా?"
ఆమె రేకుల మీద వాన చప్పుడు ఇనుకుంట
చానసేపు కూసుంది.
"నేను అవ్వా అనేది.
ఊరోళ్లు ఓసేయ్ అనేది."

ఫోన్ చేస్తమని పోయిండ్రు.
మిషను దుమ్ము పేరిన పలక మీద
వేలితోని రెండు చుక్కలు పెట్టి
పక్కన ఏదో రాసుకున్న.
నా పెండ్లాం బకెటు నీళ్లు గుమ్మరించి కడిగింది.
ఏం రాసినవని అడగలే.

వారం దినాలకు ఫోనొచ్చింది:
పాస్టరు నాయిన పేరు, ముంగట రెవరెండ్ అని.
చెక్కిన.
వత్తులకు తగ్గించుమన్నరు, తగ్గియ్యలే.
ఆ రెండు చుక్కలు మాత్రం
ఉత్తగనే వేసిచ్చిన.