సున్నాలు, ఇంటూలు

బంతి వలలో పడితే సున్నా చుడతాను,
పడకపోతే ఇంటూ.
సున్నా అంటే మంచిదని చెప్పే కాగితం
నాకు తెలిసి ఇదొక్కటే.

సోమవారం పదింటికల్లా ఒక పేజీ కావాలన్నాడు యజమాని.
హెబ్బాళ దగ్గర అపార్టుమెంట్లు కడతాడాయన,
ఏదైనా చదరపు అడుగుల్లో చెబితే తొందరగా అర్థమవుతుంది.
"చెంగప్పకి అరవై లక్షలిస్తున్నాం.
దూరం నించి వేసేవి పడటం లేదు.
ఉంచాలా, వదలాలా?
నువ్వు లెక్క చెప్పు, నేను సంతకం పెడతా."

లెక్క ఇది.
మూడు సీజన్లు, సీజనుకి నూట ఎనభై విసుర్లు.
మొదట డెబ్భై నాలుగు పడ్డాయి,
తర్వాత అరవై మూడు,
ఈసారి యాభై రెండు.
ఏడాదికి పదకొండు చొప్పున.
మెట్లు దిగే మనిషి కూడా అంత పద్ధతిగా దిగడు.
ఒక్కో విసురుకీ ముప్పై మూడు వేల పైచిలుకు.
నాకు మ్యాచికి పన్నెండొందలు, ఒక ఎగ్ పఫ్.
ఆ తేడా ఇంటూ గీసేటప్పుడు
పెన్సిల్ని కాస్త గట్టిగా నొక్కిస్తుంది,
అది ముందే ఒప్పుకోవాలి.

ఫ్రీ త్రోలు వందకి ఎనభై ఎనిమిది,
అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.
అంటే చెయ్యి చెడలేదు.
తప్పినవన్నీ వీడియో ఆపి ఆపి చూశాను.
కుడికి పోయినవి తక్కువ, ఎడమకి ఇంకా తక్కువ,
తొంభై ఒకటి రింగు ముందంచుకే కొట్టుకున్నాయి.
బెత్తెడు.
ఎప్పుడూ ఆ బెత్తెడే.

మా అమ్మ కె.ఆర్. మార్కెట్లో మల్లెలు మూరేసి అమ్మేది.
యాభై దాటాక ఆమె మూర కురచైంది.
మోసం కాదు, మోచెయ్యి పూర్తిగా చాపలేకపోయేది.
కొనేవాళ్ళు కనిపెట్టారు,
ఆమె కనిపెట్టలేదు.
"అదే చెయ్యి గదమ్మా" అనేది,
చెయ్యి చాపి చూపిస్తూ.

గురి వేళ్ళలో ఉందనుకుంటాం.
మోకాళ్ళలో ఉంటుంది.

న్యాయానికి ఇంకో మాట రాయాలి.
తప్పినవాటిలో యాభై ఏడు
గడియారంలో నాలుగు సెకన్లు మిగిలాక వేసినవి.
తక్కిన నలుగురూ బంతిని తిప్పి తిప్పి,
చేతులు కాలేదాకా తిప్పి,
నిప్పుని తెచ్చి అతని దోసిట్లో పోస్తారు.
జీతం ఎక్కువ కదా, పట్టుకోమని.
అతను కాదనడు.
అలాంటివన్నీ తీసేసి మళ్ళీ కట్టాను లెక్క:
ముప్పై నాలుగు శాతం.
నలభై ఒకటి కాలేదు.
ఇంకేం తీసేస్తే అవుతుందా అని
రాత్రి ఒంటిగంటకి వెతుకుతూ కూచున్నప్పుడు అర్థమైంది,
నేను లెక్క కట్టడం మానేసి చాలాసేపైందని.

ఆదివారం సాయంత్రం వాన.
రేకుల మీద చప్పుడు, ఈల ఊదినా వినబడనంత.
నెట్ కింద నేను, గీత అవతల అతను.
కుడి మోకాలికి నల్ల పట్టీ, దాని కింద ఐసు కరిగిన తడి.
యాభై వేశాడు.
ముందు చెయ్యెత్తేవాడు లేడు, గడియారం లేదు.
మధ్యలో ఒక్కమాటే మాట్లాడాడు,
మడికేరిలో దీన్ని వాన అనరని.
ఆఖరి బంతి అయ్యాక మోకాళ్ళ మీద చేతులానించి,
"ఎష్టాయ్తు?" అన్నాడు.

"ముప్పై ఒకటి."

పేజీ చివర ఒక మంచి వాక్యానికి సరిపోయే అంకె.
అతను తలూపలేదు, ఎడమ మూల వైపు చూశాడు.
"మూవత్తు.
అక్కణ్ణించి వేసిన రెండోది, గీత తొక్కాను."

నేను చూడలేదు.
చూసినందుకే నాకు పన్నెండొందలు.

రబ్బరు తేలేదు, బొటనవేలితో రుద్దాను.
సున్నా పోలేదు,
నల్లగా పరుచుకుంది.