వాల్వు తిప్పేవాడి ఓటు

ఎర్రగట్టు కొండకి నూట అరవై రెండు మెట్లు.
నీళ్ళకి మోకాళ్ళు లేవు.
కింది కుళాయిలన్నీ తెరిచి వున్నంతసేపూ
పైన గొట్టంలో గాలి బుసకొడుతుంది.

అసిరితల్లి ఇల్లు నూట యాభై తొమ్మిదో మెట్టు.
హార్బర్లో రొయ్యలు ఒలిచిన వేళ్ళతో
రెండు బిందెలు మోసుకెక్కి
డెబ్భయ్యో మెట్టు దగ్గర ఒకసారి కూర్చునేది.
అక్కణ్ణించి ఓడల దీపాలు బాగా కనిపిస్తాయి.
ఆమె వాటికేసి చూడగా నేనెప్పుడూ చూడలేదు.

ఒక రాత్రి చింపిన నోటుబుక్కు కాగితంతో దిగింది.
తొమ్మిదో తరగతి మనవడి గుండ్రటి అక్షరాలు:
"వందో మెట్టు దాటిన ఇళ్ళకి
మొదటి అరగంట నీళ్ళు."

మా కొండకొక పద్ధతి వుంది.
నలభై వేలిముద్రలు పడితే
ఎవరి మాటైనా సభకి రావాల్సిందే.
ఆమె పైవాళ్ళని వదిలేసి
ముందు మా కింది గుమ్మాలే తొక్కింది.
"ఒప్పుకోమనట్లేదు బాబూ,
అడగనియ్యమంతన్నాను."
నేను ముద్ర వేశాను.
ముద్ర వేరు, ఓటు వేరు.

ఆదివారం, పంపుషెడ్డు ముందు, బొగ్గుదుమ్ము గాలిలో
రెండు వందల పైచిలుకు మంది.
షిప్‌యార్డు వెల్డరు గురువులు లేచాడు:
"అంత పైన కట్టుకోమని ఎవుడన్నాడు?"
"కింద మీరు చోటుంచితే కదేటి!"
నవ్వులు, తిట్లు, మళ్ళీ నవ్వులు.
అరగంట ఎక్కువన్నారు, ఇరవై నిమిషాలయింది.
ఎవరో ఇంటరు పిల్ల వెనకనించి చెయ్యెత్తి
కడుపుతో వున్నవాళ్ళు ఏ మెట్టు మీదున్నా ముందే అంది.
దానికి మాత్రం ఎవరూ నోరెత్తలేదు.
రెండు గీతల కాగితం నాలుగు గీతలయింది.

మనిషికో చింతపిక్క, ఒక గవ్వ.
పిక్క అవును. గవ్వ కాదు.
చీర చాటున రెండు కుండలు,
ఒకటి లెక్కకి, ఒకటి పారబోతకి.
చప్పుడు బయటికి రాకుండా అడుగున గోనెపట్టా.

నాది పదకొండో మెట్టు.
గవ్వ వేశాను.
గోనెపట్టా మీద అది
నాకు మాత్రం గట్టిగానే వినిపించింది.

లెక్కలో ఒక సగం పిక్క తేలింది.
సగం అవునా? విరిగిన అవునా?
ఎవరి జేబులో నలిగిందో,
ఎవరి మనసు నమిలిందో,
దాని మీద ముప్పావుగంట పోట్లాడుకున్నాం.
చివరికి దాన్ని లెక్కలోంచి తీసేశారు.
నూట పదిహేడు పిక్కలు,
నూట పన్నెండు గవ్వలు.

చట్టాన్ని గోడకెక్కించింది గురువులే,
ఓడ అడుక్కి పూసే ఎర్రరంగు డబ్బాతో.
వద్దన్న చెయ్యి, అయినా
ఒక్క ఒత్తూ తప్పలేదు.
కింద జానెడు గోడ ఖాళీగా వదిలాడు.
"రేపెవడో మార్సమంటాడు గదా," అన్నాడు.
నాకప్పుడే అనుమానమొచ్చింది,
ఆ ఎవడో వీడేనని.

మర్నాడు నాలుగున్నర.
పోర్టులో పాతికేళ్ళు వించి తిప్పిన చేతులు,
సరుకు ఎవరిదని ఏనాడూ అడగలేదు.
కింది లైను ఏడు చుట్లు బిగించాను.
పై లైను వదిలాను.
గొట్టం దగ్గింది, వణికింది,
తర్వాత మెట్టు మెట్టుకీ ఆగి
ఊపిరి తీసుకుంటున్నట్టు చప్పుడు.

మా కుళాయి కింద ఖాళీ బిందె.
పక్కన మా కాసులమ్మ,
నడుం మీద చెయ్యేసుకుని.
"ఏటేసావు నువ్వు?"
నేను వాల్వుకి గ్రీజు రాసుకుంటున్నాను.
"నానైతే పిక్కేసినాను," అంది.

నీళ్ళింకా
నలభయ్యో మెట్టు దగ్గరే వున్నాయి.