గీత కింద చుక్క

పర్కాల దవాఖానల
గోడకు ఓ పాత కాయితం,
దాని మీద వంపు తిరిగిన గీత.

మూడో నెల దాకా నా బిడ్డ
గీతను దాటి ఉరికింది.
అయిదో నెలకు
చుక్క కిందికి జారింది.

"పాలు సాల్తలేవేమో, డబ్బా పట్టు"
అన్నది ఆడిబిడ్డ.
ఆ రాత్రి నా రొమ్ములనే
దొంగల లెక్క చూసిన.

కొమురమ్మ సిస్టర్ కండ్లద్దాలు తీసి తుడుచుకుంట:
"ఆ గీత డబ్బాపాల పిల్లలను తూచి గీసింది పిల్లా!
తల్లిపాల పోరలు ముందు ఉరుకుతరు,
ఎనుక నిమ్మళంగ నడుస్తరు.
ఉచ్చ ఎన్నిసార్లు పోస్తది?"

లెక్క వెట్టలే.
యాదికొచ్చింది, పొద్దుగాల దండెం మీద
పదకొండు గుడ్డలు,
ఇంకో రెండు బకెట్ల.

తక్కెట్ల పండుకొని
కాళ్లు తన్నుకుంట
ముల్లును ఒక్కతాన నిలువనిస్తలేదు
నా బిడ్డ.