గోడకెక్కిన సైకిల్

గోడ బోసిగా ఉందని మొదట అన్నది మా మరిది.
అద్దం పెట్టమన్నాడు.
అద్దం పెడితే, వచ్చినవాళ్లు కాఫీ మానేసి
తమని తామే తాగుతూ కూర్చుంటారన్నాను.
సైకిల్ పెడదామన్నాను. పాతది.
అస్మరాలో సైకిలా అని నవ్వాడు,
సముద్రం ఒడ్డున ఉప్పు వేలాడదీస్తావా అని.

మెదెబెర్ అంగడిలో పొద్దున్నే సుత్తుల వాన.
డ్రమ్ములు పొయ్యిలవుతున్నాయి,
లారీ టైర్లు చెప్పులవుతున్నాయి,
ఏ వస్తువుకీ చావడానికి సెలవు దొరకని చోటు అది.
గెబ్రెహివెత్ మూడు సైకిళ్లు బయటికి లాగి
సంతలో గిత్తల్లా వరసగా నిలబెట్టాడు.
పళ్లు చూసుకో అన్నాడు
పళ్లచక్రం మీద గుడ్డతో ఒక దెబ్బ వేసి.

మొదటిది పందెం సైకిల్.
కొమ్ములు కిందికి వంచి, ఎరుపు పెచ్చులూడి.
దీనిమీద ఒకడు మస్సావా నుంచి కొండెక్కి వచ్చాడు,
ఊపిరి మాత్రం ఆఖరి మలుపులో వదిలేశాడు, అన్నాడు.
నిజమో, బేరమో.
అది పైనుంటే
కింద కూర్చున్నవాళ్లకి ఆయాసం వస్తుందనిపించింది.

రెండోది మరీ ముస్తాబు.
ముట్టుకుంటే బొటనవేలికి అంటింది.
రంగే కాదు,
ఆ తుప్పు కూడా నిన్న సాయంత్రం కుంచెతో వేసిందే.

మూడోది నల్లది. ఆడవాళ్ల సైకిల్, నడుమ దిగిన కడ్డీ.
సీటు ఓ పక్కకి ఒరిగి ఉంది,
ఎవరో ఏళ్లతరబడి ఒకే తుంటి మీద బరువేసి తొక్కినట్టు.
హ్యాండిల్‌కి ఎడమ పట్టు ఒక్కటే అరిగింది.
వేళ్ల గుంటలు, నాలుగూ, స్పష్టంగా.
కుడిచేత్తో ఏం పట్టుకునేదో ఆమె?
గొడుగా, కోడిపెట్టా,
పక్కన తొక్కుతున్న మనిషి భుజమా?
ఎవరిదని అడిగాను.
పదకొండు వందల నక్ఫాలిస్తే నీదే అన్నాడు.

ఎనిమిది వందల యాభైకి తెగింది.
తెగాక కూడా ముసలాయన వదల్లేదు.
ఇరుసులకి నూనె పోశాడు, టైర్లకి గాలి కొట్టాడు,
కూర్చుని, మోకాలు నొప్పికి మూలుగుతూ, బ్రేకులు బిగించాడు.
గోడకి వేలాడేదానికి బ్రేకులెందుకు పెద్దాయనా?
గోడ ఎటు బయల్దేరుతుందో నీకేం తెలుసన్నాడు.

రెండు కొక్కేలు, ఆరు మేకులు, మరిది తిట్లు.
ఇటలీవాళ్లు కట్టిన గోడ,
లోపల ఏముందో దానికీ గుర్తులేదు.
మొదటిరోజు అందరూ తలెత్తి చూశారు,
మర్నాడు కొందరు,
వారం తిరిగేసరికి అది కూడా గోడే అయిపోయింది.
తలుపు తెరిచినప్పుడల్లా ముందుచక్రం
పావువంతు తిరిగి
మనసు మార్చుకుని ఆగిపోయేది.

వానల్లో ఒకరోజు
రొట్టెలు తెచ్చే మెర్హావి నడిచొచ్చాడు.
గంపలో సగం రొట్టెలు నానిపోయి,
భుజాన ఎనిమిది అంకెలా మెలిపడ్డ చక్రం.
ఊళ్లో ఆ కొలతది లేదట, ఓడ వస్తే గాని రాదట.
కప్పులోని నురగ ఊదుకుంటూ పైకి చూశాడు.
నేనూ చూశాను.
వాడేమీ అడగలేదు.
నేను నిచ్చెన తెచ్చాను.

తర్వాత గొలుసు. పంతులమ్మ సెనాయిత్ పట్టుకెళ్లింది
పరీక్షలు అయ్యేదాకా అని; ఏ పరీక్షలో చెప్పలేదు.
బెల్లు ఎవరు ఊడదీశారో నేను చూడలేదు గానీ
ఒక్కోసారి వీధి చివర మోగుతుంది,
దాని గొంతు నాకు తెలుసు.
తీసుకున్నవాళ్లు ఊరికే పోలేదు.
మెలిక చక్రం, తెగిన గొలుసు, కన్ను పోయిన లైటు
బల్లమీద పెట్టి వెళ్లారు.
అన్నీ ఎక్కడివక్కడ బిగించాను.
ఇప్పుడు తలుపు తెరిస్తే ముందుచక్రం కుంటుతుంది.

కొత్తగా వచ్చినవాళ్లు ఫొటో తీసుకుంటూ
ఎన్నేళ్లదని అడుగుతారు.
ఏది, చక్రమా, గొలుసా? అంటాను.
మరిది ఇంకా అద్దం మాటే అంటున్నాడు.

ఎడమ పట్టు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.
రాత్రి, మిషన్ చల్లారాక, స్టూలెక్కి
ఆ నాలుగు గుంటల్లో నా వేళ్లు పెడతాను.
నా వేళ్లు కొంచెం లావు.
కుడిచేతిలో తుడిచే గుడ్డ ఉంటుంది.