కారణం అనే గడి

కాలవలు కట్టేసిన వారం. మధ్యాహ్నం రెండున్నర.
ఫ్యాను తిరిగినంతసేపూ రిజిస్టరు పేజీలు
లేచి లేచి పడుతున్నాయి.
బరువుకి ఖాళీ తూటా గొట్టం ఒకటి పెట్టాను,
ఏ కేసుదో, ఎప్పుడు కొట్టేశారో.

గోడమీది టీవీలో ఢిల్లీ.
మనిషికి ఎన్ని తుపాకులు ఉండొచ్చని
ఆకుపచ్చ బెంచీల మీద పెద్దమనుషుల తగువు.
ఒకాయన రెండంటాడు. ఒకాయన ఒకటి చాలంటాడు.
వెనక వరసలో ఒకావిడ లేచి
అసలెందుకు అనేలోపు మైకు ఆగిపోతుంది.
"రైతు పంటకి కాపలా ఎవరు?"
మీసాలాయన బల్ల చరిచాడు.
పంట మాట వినగానే మా ఏసురత్నం సౌండు పెంచాడు.
వాడికి రెండెకరాల కౌలు,
కాపలాకి ఒక కుక్క.

మాకు పంచాయతీ ఎన్నికలు.
మండలంలో ఉన్న పదకొండూ నా బల్ల మీదికి రావాలి.
అరటి గెలల ట్రాలీలో ఒకటొచ్చింది, ఆకుల కింద.
ఒకటి మోపెడ్ మీద, కాళ్ళ మధ్య, గొడుగులాగ.
రొయ్యల చెరువుల ఆసామిది కారులో వచ్చింది,
ఆయన రాలేదు.

చివరికి పెనుమత్స బంగారయ్యమ్మ గారు.
జంపఖానాలో చుట్టి, కొబ్బరితాడుతో
రెండు చోట్ల బిగించి తెచ్చారు.
విప్పితే గుప్పున కొబ్బరినూనె.
"తుప్పు పడితే మా రాజుగారు ఊరుకునేవారు కాదమ్మా"
ఆయన పోయి పద్నాలుగేళ్ళు.

రెండు గొట్టాలు. టేకు పిడి. నంబరు సరిపోయింది.
లైసెన్సులో కారణం అనే గడి దగ్గర
ఎవరిదో గుండ్రటి చేతిరాత:
పంట రక్షణార్థం. అడవిపందులు.
నక్కవానిలంక, సర్వే నంబరు నూట పద్నాలుగు,
ఏడెకరాల ముప్పై సెంట్లు.

"ఆ లంక ఎక్కడుందండీ ఇప్పుడు?"

"ఎనభయ్యారు వరదకి సగం.
తర్వాత ఏటా ఓ ముక్క.
పొగాకు పోయింది, మిరప పోయింది, పాక పోయింది,
పందులు ఈదుకుంటూ అవతలి గట్టెక్కాయి.
ఇది మిగిలింది."

ఇన్నేళ్ళూ ముద్ర వేసి ముద్ర వేసి
నీళ్ళకి కాపలా పెట్టాం ఒక తుపాకీని.
కారణం ఇంకా బతికుందా అని
టీవీలో ఎవరూ అడగలేదు.
ఇరవై రెండేళ్ళ సర్వీసులో
నేనూ అడగలేదు.

"మనవడు వాడి పేరుకి మార్చమంటున్నాడు.
పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి పేల్చి
ఫోన్లో పెట్టుకుంటాడట.
బీరువా తాళం గోదాట్లో పడిందని చెప్పాను.
పొలం నంబరు వాడికి తెలీదమ్మా,
దీని నంబరు కంఠతా వచ్చు."

టీవీలో అవునన్నవాళ్ళు అవునన్నారు,
కాదన్నవాళ్ళు అంతకంటే గట్టిగా కాదన్నారు.
"ఆయ్, ఏది గెలిచిందండి?" అన్నాడు ఏసురత్నం.
ఎవరికీ వినపడలేదు.

ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకున్నారు.
"రైటరమ్మా, కరణంగారి కాయితంలో
మా పొలానికి నదీగర్భం అని రాశారు.
దీనిక్కూడా ఆ మాటే రాసెయ్యి."

"కుదరదండీ. ఇది మీ ఎదురుగానే ఉందిగా."

"పొలమూ ఎదురుగానే ఉండేది."

గడులన్నీ వెతికాను.
పోయింది అని రాస్తే కేసు.
ఇచ్చేశాను అంటే కలెక్టరాఫీసు, మూడు కాపీలు, ఆర్నెల్లు.
గోదారి అని ఏ గడీ లేదు.
జమ అయినది అని రాసి, తేదీ వేసి,
రసీదు చింపి ఇచ్చాను.
ఆవిడ నాలుగు మడతలు పెట్టి
చిల్లర సంచిలో దోపుకున్నారు.

గుమ్మం దాకా వెళ్ళి తిరిగారు.
"ఓట్లయ్యాక తీసుకెళ్ళడానికి రాకపోతే?"

"నోటీసు పంపుతామండీ."

"ఎక్కడికి?"

లైసెన్సు మళ్ళీ తెరిచాను.
చిరునామా గడిలోనూ
నక్కవానిలంకే.

ఆవిడ వెళ్ళిపోయారు. సభ రేపటికి వాయిదా.
ఏసురత్నం కౌలు సంగతి మాట్లాడటానికి
ఫోను పట్టుకుని బయటికెళ్ళాడు.
నా బొటనవేలి నూనె
కారణం అనే గడిలో ఇంకి
అవతలి పేజీలోకి దిగింది,
ఇంకా ఎవరి పేరూ రాయని చోటికి.